సున్నా గీత

కోడలు అత్తగారిని కొలవాల్సి రావడం ఇంకెక్కడైనా ఉంటుందో లేదో గానీ, ఆ సీసాల ఫ్యాక్టరీ ఆరోగ్య గదిలో మాత్రం ఏటా ఒకసారి ఉంటుంది. మిగతా రోజులన్నీ అత్తగారే కోడల్ని కొలుస్తుందనుకోండి, అది వేరే సంగతి. ఆ కొలతకి పీటలూ ముళ్ళూ అక్కర్లేదు.

ఆ గదిలో పనిచేసే కోడల్ని ఫ్యాక్టరీ అంతా కొలతలమ్మాయి అంటుంది. నలభై రెండేళ్ళొచ్చాయి, ఇంకా అమ్మాయే. పదకొండేళ్ళుగా ఆమె చేసేది ఒకటే పని. మనిషిని నిలబెట్టి, నడుం పైభాగం ఎటు ఎంత తిరుగుతుందో చూసి రాసుకోవడం. సీసాలు చూసే హాల్లో ఆడవాళ్ళు వెలుగుతున్న తెర ముందు పొద్దస్తమానం నిలబడి ఉంటారు. తెర ముందు నుంచి సీసాలు బారుగా పోతుంటాయి. పగులున్నదాన్ని ఏరి, పాదాలు కదపకుండా నడుం తిప్పి, కుడిచేతి వైపు వెనకున్న తొట్టిలో వెయ్యాలి. ఎప్పుడో ఒకావిడ సరిగ్గా తిరగలేక సీసా జారవిడిస్తే, పక్కామె కాలి నరం తెగింది. అప్పుడొచ్చింది రూలు. ఎడమకి ముప్పై అయిదు డిగ్రీలు, కుడికి ముప్పై అయిదు తిరగాలి. పద్దెనిమిదేళ్ళ పిల్లకీ అంతే, అరవైకి దగ్గరపడ్డ మనిషికీ అంతే. కొలిమి దగ్గర పనిచేసే మగవాళ్ళకీ అంతే. ఒకే వారంలో రెండుసార్లు తప్పితే ఇంటికే.

సోమవారం పొద్దున అత్తగారు పీట ఎక్కింది.

"పాదాలు గుర్తుల్లో పెట్టండి అత్తయ్యా."

"ముప్పై ఏళ్ళ నుంచి నిలబడుతున్నాను. నిలబడ్డం కూడా నువ్వే నేర్పాలా?"

తలుపు దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. కొలతలమ్మాయి పట్టించుకోలేదు. తుంటికి రెండు పక్కలా ఇనప చట్రం జరిపి, నడుం కిందిభాగం కదలకుండా పట్టీ బిగించింది. రొమ్ము చుట్టూ ఇంకో పట్టీ కట్టింది. ఆ పట్టీకి ముందువైపు జానెడు ముల్లు ఉంటుంది. ముల్లు కింద చట్రానికి మరతో బిగించిన అర్ధచంద్రాకారపు ఇత్తడి పళ్ళెం, దాని మీద సున్నా గీత, అటూ ఇటూ డిగ్రీల గీతలు. మర వదులు చేసి, పళ్ళేన్ని కొంచెం జరిపి, సున్నాని సరిగ్గా ముల్లు కిందికి తెచ్చి మళ్ళీ బిగించింది. ఈ సున్నా పెట్టడమే పనిలో ప్రాణమని ఆమె నమ్మకం. తనంత శ్రద్ధగా ఎవరూ పెట్టరని కాస్త గర్వం కూడా.

"కుడికి తిరగండి. నలభై నాలుగు. ఇప్పుడు ఎడమకి."

ముల్లు వెళ్ళి ఇరవై ఆరు దగ్గర ఆగింది.

"ఇంకొంచెం అత్తయ్యా. గట్టిగా."

"ఇంతే."

"ఊపిరి వదిలి తిరగండి."

"ఇంతేనంటున్నానా!"

గదిలో నవ్వులు ఆగిపోయాయి. ఇంకో రెండేళ్ళు నిలబడితే అత్తగారికి పూర్తి పింఛను. ఈ వారం రెండోసారి తప్పితే ముప్పై ఏళ్ళ నిలువుకాళ్ళ కొలువు బూడిదలో పోసిన పన్నీరే. ఆ సంగతి ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు.

వారానికి రెండు రోజులొచ్చే డాక్టరుగారు అంకె చూసి పెదవి విరిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. నెమ్మదిగా మాట్లాడతాడు, నెమ్మదిగా నడుస్తాడు. "వయసమ్మా, ఏం చేస్తాం. వయసుతో వెన్ను బిగుస్తుంది. ఆడవాళ్ళకి ఎడమవైపు ఇంకా ముందే బిగుస్తుంది. మన రిపోర్టులో ఏటా అదే కదా తేలుతోంది. గురువారం ఇంకోసారి చూద్దాం."

అత్తగారు పట్టీలు తనే విప్పుకుని దిగింది. కోడలి వంక చూడలేదు. వరసలోంచి ఎవరో అననే అన్నారు, కొలతలమ్మాయికి వినిపించేలాగే: "పాపం, కోడలి చేతికి ముల్లు దొరికింది. ఇక కసి తీరకేం!"

ఆ మాట ఆమెకి పుండు మీద కారంలా తగిలింది. అత్తాకోడళ్ళన్నాక సవాలక్ష ఉంటాయి. పెళ్ళయిన కొత్తలో హాల్లో పనికి చేరతానంటే అడ్డుపుల్ల వేసింది ఈ అత్తగారే. "నా పక్కన నువ్వు నిలబడక్కర్లేదు" అని మొహం మీద అనేసింది. అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. కానీ అంకెల్లో కసి చూపించే మనిషి కాదు తను. అన్నం పెట్టే పని మీద ఒట్టు.

మంగళవారం మర బిగుసుకుపోయింది.

సాయంత్రం తుడిచేటప్పుడు పళ్ళేన్ని చట్రం నడిమధ్య ఉన్న గీతకి కలిపి, నిటారుగా ముందుకి ఉండేట్టు పెట్టి వెళ్ళడం ఆమె అలవాటు. పొద్దున వచ్చి వదులు చేద్దామంటే మర కదిలితే ఒట్టు. రాత్రి చెమ్మకి తుప్పు పట్టిందో ఏమో. మరమ్మతులాయన రేపు గానీ రానన్నాడు. బయట వరస పెరిగిపోతోంది. సరే, ముల్లు ఎక్కడ నిలబడిందో అదొక అంకె వేసుకుని, తరవాత తీసేసుకోవచ్చులే అనుకుంది.

మొదట కొలిమి మగవాళ్ళు అయిదుగురొచ్చారు. ఊరికే నిలబడ్డప్పుడు ముల్లు సున్నా మీదే ఉంది. ఒకడికి మాత్రం కుడికి ఒక డిగ్రీ. నయమే, పరికరం బాగానే ఉందనుకుంది.

తరవాత హాల్లోంచి ఒకావిడ వచ్చింది, యాభై ఏళ్ళది. పట్టీ బిగించగానే ముల్లు ఎడమకి ఎనిమిది దగ్గర నిలబడింది.

"సరిగ్గా నిలబడండి పిన్నీ."

"సరిగ్గానే ఉన్నానే."

ఆమె అబద్ధమాడట్లేదు. చూపు తిన్నగా గోడ మీదున్న గడియారం మీదే ఉంది. మొహం ముందుకే ఉంది. మొండెం మాత్రం ఓరగా తీసిన తలుపులా ఎడమకి కాస్త తెరుచుకుని ఉంది.

తరవాతి ఆవిడ నలభై అయిదేళ్ళది. ఎడమకి ఏడు. ఆ తరవాత ముప్పై ఏళ్ళ ఆవిడ. ఎడమకి నాలుగు. ఇంకొకావిడ, ఇంకొకావిడ. ఒక్కరంటే ఒక్కరు కుడికి లేరు. ఒక్కరంటే ఒక్కరు సున్నా మీద లేరు. పనిలో ఎంత పాతవాళ్ళయితే ముల్లు అంత దూరం పోతోంది. మధ్యలో పనిమాలా ఒక మగమనిషిని పిలిచి నిలబెట్టింది. సున్నా. మళ్ళీ ఆడమనిషి. ఆరు. ముల్లుని ఎవరో కనపడని మనిషి గది మూల నుంచి దారం కట్టి లాగుతున్నట్టుంది.

చివర్లో వచ్చింది కొత్తమ్మాయి. పందొమ్మిదేళ్ళది, చేరి ఆరు నెలలు. వెదురు బొంగులా నిటారుగా ఉంటుంది. ముల్లు ఎడమకి రెండు.

"నీకేమైనా దెబ్బ తగిలిందా ఎప్పుడైనా? వెన్నులో, భుజంలో?"

"లేదక్కా."

"మరి ఇలా నిలబడతావేం?"

"ఎలా?" అంది కొత్తమ్మాయి అమాయకంగా.

పని వల్లేమోనని సర్దిచెప్పుకోబోయింది. పని వల్లయితే కుడికి ఒరగాలి. తొట్టి ఉన్నది కుడివైపు కదా!

బుధవారం పొద్దున ఆమె గదికి తాళం వేసి హాల్లోకి నడిచింది. పదకొండేళ్ళలో ఆ హాల్లోకి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆరోగ్య గదిలో వేసుకునే మెత్తటి రబ్బరు చెప్పులతోనే వెళ్ళింది. వెళ్ళినా వినపడదు, సీసాల గలగలలో అడుగుల చప్పుడు కలిసిపోతుంది.

ఇరవై ఆరు మంది వీపులు వరసగా కనిపించాయి. ముందు తెల్లటి వెలుగు, దానికి అడ్డంగా నల్లటి వీపులు. రోజూ చూసేవాళ్ళకి ఏమీ కనపడదు. ముల్లు చూసొచ్చిన కంటికి కనపడింది. ఇరవై ఆరు ఎడమ భుజాలూ అర అంగుళం వెనక్కి ఉన్నాయి. పాటలో తాళం అందుకున్నట్టు అందరివీ ఒకేలా ఉన్నాయి. అందరూ పనిచేస్తూనే, వెనకాల ఎడమవైపు ఎవరో ఉన్నారని చెవి అటు వేసి ఉంచారు.

ఆమె వాళ్ళ వెనకున్న గోడ వెంట నడిచింది. వరసకి ఎడమ చివర, గోడలో ఒకచోట సున్నం రంగు తేడాగా ఉంది. నిలువెత్తు, మనిషి పట్టేంత వెడల్పు. ఆ మచ్చ ముందుకి వచ్చి నిలబడింది.

చేతులు ఆగిపోయాయి.

ఒక్కరూ తల తిప్పలేదు. ఇరవై ఆరు జతల చేతులు సీసాల మీద గాల్లో నిలిచిపోయాయి. సీసాలు ఆగలేదు. నిలువునా పగులున్న సీసా ఒకటి అందరి కళ్ళముందు నుంచీ నింపాదిగా సాగిపోయింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆ కాసేపట్లో కొలతలమ్మాయికి తన ఊపిరి తనకే గట్టిగా వినిపించి భయమేసింది. వాళ్ళకి వినిపిస్తున్నది కూడా అదేనని అర్థమై ఇంకా భయమేసింది.

"నేనే," అంది. సీసాల గోలలో కలిసిపోయింది. గొంతు పెంచి మళ్ళీ అంది, "నేనండీ, కొలతలమ్మాయిని."

చేతులు కదిలాయి. చివరావిడ, ఇంకా తిరక్కుండానే, "చెప్పి రావొచ్చుగా తల్లీ" అంది.

"ఇక్కడ తలుపుండేదా?"

"ఉండేది."

చివరావిడ మళ్ళీ సీసాల్లో పడింది. కొత్తమ్మాయి పక్కకి వెళ్ళి, నువ్వెందుకాగావని అడిగింది. "అందరూ ఆగితే ఆగాను. నిలబడ్డం, ఏరడం అన్నీ పక్కావిణ్ణి చూసేగా నేర్చుకున్నాను" అంది ఆ పిల్ల. తన చేతులెందుకు ఆగాయో తనకే తెలియనట్టు వాటి వంక చూసుకుంది.

మధ్యాహ్నం మరమ్మతులాయన వచ్చి మరకి నూనె పోశాడు. నోరు మూసుకుని పనిచెయ్యడం చేతకాని మనిషి, అడక్కుండానే అందుకున్నాడు.

"హాల్లో గోడ దగ్గర నిలబడ్డావట? ఆ తలుపు నా చేత్తోనే మూశాను. పద్నాలుగేళ్ళయింది. హాల్లో పని చేయించే పిల్లి మేస్త్రి చచ్చిపోయిన నెలకే ఆడవాళ్ళంతా కట్టకట్టుకుని వచ్చి మూసెయ్యమన్నారు. ఆయన గదిలోకి దారి అదే. మనిషి లేడు కదా, తలుపుంటే మీకేం నష్టమన్నాను. మీ అత్తగారు ఇటుకలు తనే మోసుకొచ్చింది."

"పిల్లి మేస్త్రి అని ఎందుకనేవాళ్ళు?"

"అడుగు వినపడేది కాదు." మర ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పి చూపించాడు. "ఇదిగో, వెన్నలా తిరుగుతోంది. ఇక నీ సున్నా నీ ఇష్టం."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కూతురు అద్దం ముందు తల దువ్వుకుంటోంది. పన్నెండేళ్ళ పిల్ల. తల్లి పనిలో ఉన్నప్పుడు, నాన్నమ్మకి సెలవైతే నాన్నమ్మ దగ్గరా, లేకపోతే పక్కింటివాళ్ళ దగ్గరా పెరిగింది. ఎక్కువ మాలిమి నాన్నమ్మకే. గుమ్మంలో చెప్పులు విడుస్తూ చూసిన కొలతలమ్మాయి అక్కడే ఆగిపోయింది. పిల్ల మొహం అద్దంలో తిన్నగా ఉంది. ఎడమ భుజం కాస్త వెనక్కి ఉంది.

"ఏం వింటున్నావే?"

"ఏమీ లేదమ్మా."

"మరి అలా నిలబడ్డావేం?"

"ఎలా?"

కొత్తమ్మాయి అన్నట్టే అంది. అదే అమాయకత్వం. పీట అక్కర్లేదు, రెండు డిగ్రీలుంటుందని కన్నే చెప్పేసింది. ఆ పిల్ల సీసాల ఫ్యాక్టరీ గేటు కూడా చూసి ఎరగదు.

లోపల అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. సోమవారం నుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. కొలతలమ్మాయి పక్కన కూర్చుని ఒక దుప్పటి కొస పట్టుకుంది. రెండో కొస అత్తగారు పట్టుకోక తప్పలేదు.

"పిల్లి మేస్త్రి ఏం చేసేవాడత్తయ్యా?"

దుప్పటి బిర్రుగా లాగినట్టయింది.

"ఏమీ చేసేవాడు కాదు," అంది అత్తగారు. "అరిచేవాడు కాదు. కొట్టేవాడు కాదు. వచ్చి వెనక నిలబడేవాడు. అంతే."

"అంతేనా?"

"అంతే అని అనుకోడానికే ఇన్నేళ్ళు పట్టింది." దుప్పటి సగానికి మడిచింది. "మెడ మీద ఊపిరి తగిలేది. అప్పటికి గానీ వచ్చాడని తెలిసేది కాదు. చేతులు సీసాల మీదే ఉండాలి, సీసాలాగవు కదా. తిరిగి చూస్తే పని మీద ధ్యాస లేదని రాసేవాడు. అందుకని ఎడం భుజం కొంచెం వెనక్కి వేసుకుని నిలబడేవాళ్ళం. కంటి కొసకి నీడ తగిలితే, మోచెయ్యి ఒంటికి అడ్డం పెట్టుకోవచ్చని. నాకంటే ముందు చేరిన పాటలావిడ నాకు నేర్పింది. నేను మిగతావాళ్ళకి నేర్పాను."

"ఇప్పుడు ఆయన లేడుగా."

"లేడు. తలుపూ లేదు. నాకు తెలీదా? ఒంటికి ఎవరు చెప్తారు?"

కొలతలమ్మాయి దుప్పటి కొస వదిలేసింది. "అందుకా నన్ను హాల్లో వద్దన్నారు?"

"నువ్వేమనుకున్నావేం?"

"మీ పక్కన నిలబడ్డానికి పనికిరానన్నారనుకున్నాను."

"పనికిరావు, నిజమే. నీకు నోరెక్కువ. మొదటి రోజే తిరిగి చూసేదానివి." అత్తగారు దుప్పటి తీసి పక్కన పెట్టింది. ఆమె నవ్విందో లేదో చీకటి పడుతున్న గదిలో తెలియలేదు.

ఆ రాత్రి కొలతలమ్మాయి మనసులో లెక్కలు వేసుకుంది. పాత అంకెలు ఒకటొకటే గుర్తొస్తున్నాయి. ఒరిగి నిలబడ్డ మనిషి ముల్లు కిందికి సున్నాని తెచ్చిపెట్టింది ఎవరు? తనే. అప్పటికే ఎడమకి తొమ్మిది డిగ్రీలు తిరిగి ఉన్న మనిషిని అక్కడి నుంచి ఇంకో ముప్పై అయిదు తిరగమంటే ఎక్కడి నుంచి తిరుగుతుంది! ఆ తొమ్మిదీ తనే తుడిచేసింది, ఎంతో శ్రద్ధగా, ఏటా. పదకొండేళ్ళలో నలభై ఒక్కమంది ఆడవాళ్ళు ఇంటికి పోయారు. మగవాళ్ళు ముగ్గురే. ఆడవాళ్ళకి వయసు తొందరగా ముదురుతుందని డాక్టరు రాస్తే, అవును కాబోలనుకుని కింద సంతకం పెట్టింది. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

గురువారం డాక్టరుగారు ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అత్తగారు పీట ఎక్కింది. తుంటి చట్రం జరిగింది, పట్టీలు బిగిశాయి. ముల్లు ఎడమకి తొమ్మిది దగ్గర నిలబడింది.

మర ఇప్పుడు సులువుగానే తిరుగుతుంది. కొలతలమ్మాయి దాన్ని ముట్టుకోలేదు.

"సున్నా పెట్టలేదేం?" అన్నాడు డాక్టరు.

"సున్నా చట్రం గీత మీదే ఉందండి. అదే అసలు సున్నా. నేనిన్నాళ్ళూ పెట్టింది తప్పు."

ఆయనకి అర్థమయ్యేలా చెప్పింది. మగవాళ్ళ అంకెలు, ఆడవాళ్ళ అంకెలు, తొట్టి ఏ వైపుందో, మూసేసిన తలుపు ఏ వైపుందో. మాట తడబడలేదు. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తిప్పు చూద్దాం," అన్నాడు.

"కుడికి తిరగండి అత్తయ్యా."

ముప్పై అయిదు.

"ఎడమకి."

ముప్పై అయిదు. గీత మీద గీత.

డాక్టరు చాలాసేపు పళ్ళెం వంక చూశాడు. తరవాత సంతకం పెట్టి, "సరే, ఈవిడది పాస్" అని లేచి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

"దిగండత్తయ్యా."

"ఉండు. ఆ పాత రిజిస్టరు తియ్యి. మొదటిది ఎవరు?"

పట్టీలు విప్పకుండానే, కొలతలమ్మాయి బల్ల మీది నుంచి రిజిస్టరు తీసింది. ఇంటికి పంపినవాళ్ళ పేర్లకి ఎర్ర గీత ఉంటుంది. మొదటి ఎర్ర గీత పాటలావిడది.

"ఎడమ ఇరవై ఎనిమిది. కుడి నలభై రెండు." ఒరిగినంత ఎడమలో తగ్గి, కుడిలో పెరిగి ఉంటుంది కదా అని రెండూ కలిపి సగం చేసింది. "ముప్పై అయిదు, అత్తయ్యా. పాసే."

"నా పక్కన నిలబడేది," అంది అత్తగారు. "సీసాల గోలలో కూడా పాడేది. ఇంటికి పంపాక పాట ఎత్తలేదు. పోయి మూడేళ్ళయింది." గొంతులో కోపం లేదు. అదే భరించలేకుండా ఉంది. "ఊఁ. తరవాత?"

"ఎడమ ముప్పై. కుడి నలభై నాలుగు. ముప్పై ఏడు. పాసే."

"చదువు."

మూడో ఎర్ర గీత మీద వేలు పెట్టి తలెత్తేసరికి ముల్లు కదిలింది. తొమ్మిది నుంచి పదకొండుకి పోయింది, అక్కణ్ణుంచి పదమూడుకి. గదిలో చప్పుడేమీ లేదు. అత్తగారి మొహం తిన్నగా గడియారం వైపే ఉంది. కళ్ళు మాత్రం చూడ్డం మానేశాయి.

కొలతలమ్మాయి అత్తగారి భుజం మీదుగా చూసింది. వెనకాల ఎడమవైపు, తలుపులో డాక్టరుగారు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు.

"ఆ రిజిస్టరు ఇలా ఇవ్వమ్మా," అన్నాడు ఎప్పట్లాగే నెమ్మదిగా. "నా బీరువాలో భద్రంగా ఉంటుంది. పాతవి తవ్వి ఇప్పుడెవరికి మేలు? ఈవిడ పాసయ్యారు కదా."

ఒక అడుగు ముందుకి వేశాడు. వినపడలేదు. ముల్లు పదిహేను.

కొలతలమ్మాయి రిజిస్టరు మూసి గుండెలకి హత్తుకుంది. పీట చుట్టూ తిరిగి వెళ్ళి, అత్తగారి వెనక ఎడమవైపు నిలబడింది. మొహం డాక్టరు వైపు, వీపు అత్తగారి వైపు.

"ఇవ్వనండి. తప్పులన్నీ నా చేతివే. నా చేత్తోనే దిద్దాలి. బతికున్న వాళ్ళందరినీ పిలిచి మళ్ళీ కొలవాలి."

"నీ ఉద్యోగం ఆలోచించుకో."

"ఆలోచించానండి."

ఆయన కదల్లేదు. ఆమె కదల్లేదు. రిజిస్టరు అట్ట చెమటకి తడుస్తోంది. వెనకాల అత్తగారి ఊపిరి ఆగి ఆగి వినిపిస్తోంది.

"ముల్లెక్కడుందత్తయ్యా? నాకిక్కణ్ణుంచి కనపడదు. మీరే చెప్పాలి."

వెనకాల అత్తగారి పట్టీ కొంచెం కదిలిన చప్పుడైంది.

"పన్నెండు."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"ఎనిమిది," అంది అత్తగారు. "అక్కడే నిలబడు. కదలకు."

"కదలను."

"మూడు."

డాక్టరుగారు వెనక్కి తిరిగాడు. ఈసారి తలుపు కిర్రుమని గట్టిగానే చప్పుడైంది. కొలతలమ్మాయి మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

"సున్నా," అంది అత్తగారు. "రాసుకో."